మా అబ్బాయికి 11 ఏళ్లు, 50 కిలోలు: అన్నం మాన్పించాలా?

మారతహళ్లి అమ్మ:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం, బెంగళూరులో స్థిరపడ్డాం, ఇద్దరం ఉద్యోగస్తులం. మా వాడికి 11 నిండాయి, ఎత్తు 142 సెంటీమీటర్లు, బరువు 50 కిలోలు. పోయినేడు కొన్న యూనిఫాం ప్యాంటు నడుము దగ్గర పట్టడం లేదు. స్కూల్ వ్యాను ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చేసరికి నాలుగున్నర దాటుతుంది, ఆకలితో నకనకలాడుతూ దిగుతాడు, ఎదురుగానే అయ్యంగార్ బేకరీ, ఒక పఫ్, ఒక కూల్ డ్రింక్, తర్వాత ట్యూషన్, ఆ తర్వాత ఫోన్. మా అత్తయ్య ఏమో "పెరిగే పిల్లాడు, పొడుగైతే అదే సర్దుకుంటుంది, వాడి తిండికి దిష్టి పెట్టకు" అంటారు. క్లాసులో పేరు పెట్టి ఏడిపిస్తున్నారట, పీటీ పీరియడ్ ఉన్న రోజు కడుపునొప్పి అంటున్నాడు, అది నన్ను ఎక్కువ బాధపెడుతోంది. ఇంకొకటి, మెడ వెనక నల్లబడుతోంది, నలుగు పెట్టి రుద్దినా పోవట్లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లేంత విషయమా ఇది?

కడప టు వైట్‌ఫీల్డ్:
అన్నం ఆపేయండి, రాత్రికి ఓట్స్. మా అన్న కొడుకు అలాగే తగ్గాడు.

పిల్లల ఓపీ నర్సు:
అక్కా, అన్నం మాత్రం ఆపకండి, ముందు ఆ మెడ రుద్దడం ఆపండి. అది మట్టి కాదు. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా అవుతోందంటే చాలామంది పిల్లల్లో ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదని సూచన. ఎంత రుద్దినా పోదు, పిల్లాడికి మంట తప్ప. డాక్టర్‌కి చూపించాల్సిందే. బీపీ, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష), కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు రాస్తారు. థైరాయిడ్ అని అందరూ భయపడతారు కానీ, ఎత్తు బాగా పెరుగుతున్న పిల్లాడిలో బరువుకి అది కారణం కావడం అరుదు.

మీ లెక్క ప్రకారం బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క, 24.8 దగ్గర ఉంది. పెద్దవాళ్ల అంతర్జాతీయ లెక్కలో చూస్తే మామూలుగానే అనిపిస్తుంది, అందుకే చాలా ఇళ్లల్లో పట్టించుకోరు. పిల్లలకి వయసును బట్టి చార్టు వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో 11 ఏళ్ల మగపిల్లాడికి 19.9 దాటితే అధిక బరువు, 22.5 దాటితే ఊబకాయం. మీ ఒక్క ఇంటి సంగతే కాదిది, ప్రపంచం మొత్తం మీద 5 నుంచి 19 ఏళ్ల వాళ్లలో 1990లో 8 శాతం మంది అధిక బరువుతో ఉంటే 2022కి 20 శాతం అయ్యారు.

అత్తయ్యగారి మాటలో కొంత నిజం ఉంది. కొంతమంది పిల్లలకి కిలోలు తగ్గించే పని పెట్టుకోరు, బరువు అక్కడే నిలబడితే ఎత్తు పెరిగేకొద్దీ బీఎంఐ దిగుతుంది. కానీ దానంతట అది నిలబడదు కదా! వాడికి ఏది సరిపోతుందో పరీక్షలు చూశాక డాక్టరే చెప్పాలి.

మొదట తీసేయాల్సింది కూల్ డ్రింక్. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకి 10 గ్రాముల పైనే చక్కెర, 250 బాటిల్ తాగితే రోజంతటికీ ఉండాల్సిన 25 గ్రాములు అక్కడే దాటిపోతాయి. పాలల్లో కలిపే చాక్లెట్ పొడి కూడా చూడండి, 2024 ఏప్రిల్‌లో కేంద్రమే వాటిని హెల్త్ డ్రింక్స్ విభాగంలో పెట్టొద్దని ఆన్‌లైన్ అమ్మకం సైట్లకి చెప్పింది.

హెచ్ఎస్ఆర్ నాన్న:
పిల్లాడికి ఒక్కడికే డైట్ పెట్టి, మిగతావాళ్లు ఎదురుగా బిర్యానీ ఆర్డర్ పెట్టుకుంటే వాడికి అది శిక్షలాగే ఉంటుంది. మా ఇంట్లో అందరికీ ఒకటే వంట. సాయంత్రానికి ఉడకేసిన వేరుశనక్కాయలో, అలసందలో, జామకాయో సిద్ధంగా ఉంటాయి, ఒక్కోరోజు ఉగ్గాని. వ్యాను దిగగానే చేతికి ఏదో ఒకటి అందాలి, లేదంటే బేకరీయే గెలుస్తుంది.

ఆట సంగతి కూడా చెప్పాలి. పిల్లలకి రోజూ గంటసేపు ఒళ్లు కదిలే ఆట ఉండాలంటారు, మన అపార్ట్‌మెంట్లలో చూస్తే కింద బంతాట నిషేధం అని బోర్డు! మేం నలుగురు తల్లిదండ్రులం అసోసియేషన్ మీటింగులో పోరాడి ఐదున్నర నుంచి ఏడు వరకు అనుమతి తెచ్చుకున్నాం. ట్యూషన్ టైమ్ మార్చుకోండి, వీలైతే వారంలో కొన్ని రోజులు తగ్గించండి.

స్కూల్లో కూడా గట్టిగా అడగండి. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనల ప్రకారం కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండి స్కూల్ ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదు. ఏడిపించే విషయం క్లాస్ టీచర్‌కి మెయిల్ పెట్టండి, నోటిమాటగా చెప్తే మర్చిపోతారు.

మారతహళ్లి అమ్మ:
చాలా థ్యాంక్స్ అండీ. శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. వాడికి ఏమని చెప్పి తీసుకెళ్లాలో తెలియట్లేదు, లావు అనే మాట వింటేనే గదిలోకి వెళ్లి తలుపేసుకుంటున్నాడు.

పిల్లల ఓపీ నర్సు:
మెడ చూపించడానికి అని చెప్పండి, నిజమే కదా. బరువు సంగతి వాడి ముందు పదే పదే ఎత్తొద్దని డాక్టర్‌కి ముందే ఫోన్‌లో చెప్పండి, అర్థం చేసుకుంటారు. ఇంట్లో రోజూ మెషిన్ ఎక్కించొద్దు. రాత్రి పదికల్లా ఫోన్ హాల్లో పెట్టేయాలి, మీ ఇద్దరిదీ కూడా, ఆ వయసుకి కనీసం 9 గంటల నిద్ర కావాలి. హెచ్‌బీఏ1సీకి పరగడుపున ఉండక్కర్లేదు, కొలెస్ట్రాల్ కూడా రాస్తే ఏమీ తినకుండా రావాలా అని ల్యాబ్‌ని అడగండి. రిపోర్టులు వచ్చాక ఏదైనా అర్థం కాకపోతే పేరు కనపడకుండా ఇక్కడ పెట్టండి అక్కా, చూసి చెప్తాను.