పొరపాటు తనే చెప్పుకున్న స్టూడెంట్‌ను పోస్టింగ్ నుంచి తీసేయాలా?

క్లినికల్ ట్యూటర్:
బీఎస్సీ నర్సింగ్ పిల్లలకు పేషెంట్ సేఫ్టీ చెప్తాను. మా స్టూడెంట్ ఒకమ్మాయి మెడికల్ వార్డులో గ్లార్జిన్ ఇన్సులిన్‌ను తప్పు సిరంజిలోకి లోడ్ చేసింది. వయల్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది. చేతికందింది ఎర్ర మూత సిరంజి, అంటే 40 యూనిట్ల వయల్‌కి వాడేది. ఇవ్వాల్సింది 20 యూనిట్లు. ఆ సిరంజిలో 20 గీత దాకా లాగితే అందులోకి వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. ఇవ్వబోయే ముందు తనే అనుమానం వచ్చి ఇన్‌చార్జ్ సిస్టర్‌కి చూపించింది. పేషెంట్ దాకా వెళ్లలేదు. ఇప్పుడు ఆసుపత్రి వాళ్లు ఆ అమ్మాయిని పంపొద్దంటున్నారు, మా కాలేజీలో ఇంటర్నల్ మార్కులు కోద్దామంటున్నారు. నేను రెండూ వద్దంటున్నాను. మీరేమంటారు?

వార్డు సిస్టర్:
మేడమ్, ఏమనుకోకండి, మీకు జాలి ఎక్కువైంది. గ్లార్జిన్ రోజంతా పనిచేసే మందు. 20 బదులు 50 పడితే గ్లూకోజ్ ఎక్కించి ఊరుకునే సంగతి కాదు, తెల్లారేదాకా గంటగంటకీ షుగర్ చూసుకుంటూ కూర్చోవాలి. కూర్చునేది మేము. ఈసారి తనే గమనించింది, సంతోషం. ఏ సిరంజి దేనికో తెలియని పిల్ల చేతికి వయల్ ఎలా వచ్చింది? ముందు ఆ జవాబు చెప్పండి.

థర్డ్ ఇయర్ స్టూడెంట్:
ఎలా వచ్చిందో నేను చెప్తాను సిస్టర్. స్టాఫ్ తక్కువ ఉన్న రోజు ట్రాలీ మా చేతికిచ్చి "ఆ వరుస మీరు కానిచ్చేయండి" అంటారు. పదిమందికి ఒక టీచర్ అనేది కాగితం మీది లెక్క, ఆ టైమ్‌కి మా మేడమ్ ఇంకో వార్డులో ఉంటారు. పోస్టింగ్ మొదటి రోజే సీనియర్లు చెప్పే మాట ఒకటుంది: ఏదైనా జరిగితే నోరు మెదపొద్దు. ఈ అమ్మాయి నోరు తెరిచింది. తనకేమవుతుందో మా బ్యాచ్ మొత్తం చూస్తోంది.

లా చదివినవాడు:
ఇంకో కోణం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత, సెక్షన్ 106. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే ఐదేళ్ల దాకా శిక్ష. వైద్యం చేస్తుండగా జరిగితే రిజిస్టర్డ్ డాక్టరుకు గరిష్ఠంగా రెండేళ్లే. ఆ వెసులుబాటు మెడికల్ రిజిస్టర్‌లో పేరున్న వాళ్లకే, నర్సులకు లేదు. "భయపడకుండా రాసివ్వండి" అని పిల్లలకు నేర్పేముందు, ఆ కాగితం రేపు ఎవరి చేతికి వెళ్తుందో కూడా చెప్పాలి కదా.

పేషెంట్ తరఫున:
అందరూ స్టూడెంట్ భవిష్యత్తు గురించే మాట్లాడుతున్నారు. ఆ మంచం మీదున్న మనిషికి జరగబోయింది చెప్పారా? సూది వేస్తున్నది స్టూడెంట్ అని ముందు చెప్పారా? నేర్చుకోవద్దనను, నేర్వకుండా ఎవరూ నర్సు కాలేరు. కానీ మా ఇళ్లవాళ్ల మీద నేర్చుకుంటున్నప్పుడు మాకు ఒక మాట చెప్పడం న్యాయం.

క్లినికల్ ట్యూటర్:
చెప్పలేదండి. నాకూ తట్టలేదు, మీటింగ్‌లో ఎవరూ ఎత్తలేదు. ఇది ఒప్పుకోవాల్సిందే.

లా సార్ చెప్పిన భయం ఉత్తది కాదు. అమెరికాలో రడోండా వాట్ అనే నర్సు కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2017 డిసెంబరులో నాష్‌విల్‌లో మత్తుకిచ్చే మిడజోలామ్ ఇవ్వబోయి, కండరాలను కదలకుండా చేసే వెక్యురోనియం ఇచ్చింది, పేషెంట్ చనిపోయింది. తప్పు తనే చెప్పింది. లైసెన్స్ పోయింది, 2022లో కోర్టు దోషి అని తేల్చి మూడేళ్ల ప్రొబేషన్ వేసింది. ఆమె లేబుల్ చదవలేదు, హెచ్చరికలు దాటేసింది. అది చిన్న సంగతి అనను. కానీ ఆ తీర్పు విన్న నర్సుల్లో ఎంతమంది ఇకమీద గమ్మున ఉందామనుకుని ఉంటారో ఆలోచించండి.

అందుకే క్లాసులో మూడింటిని విడదీసి చెప్తాను: చెయ్యి జారడం, పని త్వరగా తెమలాలని అడ్డదారి పట్టడం, ప్రమాదమని తెలిసీ లెక్కచేయకపోవడం. మూడోదానికి శిక్ష పడాల్సిందే. మా అమ్మాయిది మొదటిది, అదీ తనే ఆపుకుంది. ఆమెకు మార్కులు కోస్తే రేపు ఇంకొకరు ఆ సిరంజిని చప్పుడు కాకుండా చెత్తబుట్టలో వేస్తారు. రెండు రకాల సిరంజిలు ఒకే ట్రేలో కలిసి ఉన్నాయన్న సంగతి మనకు తెలియనే తెలియదు. అవును, కలిసే ఉన్నాయి. ఎర్ర మూతవీ, 100 యూనిట్ల వయల్‌కి వాడే నారింజ మూతవీ. ట్యూబ్‌లైట్ వెలుగులో నాకే తేడా తెలియలేదు.

పేపర్లో ఆరు రైట్స్ (సరైన పేషెంట్, సరైన మందు, సరైన డోస్ లాంటి ఆరు జాగ్రత్తలు) రాయమంటే అందరూ రాస్తారు. వార్డులోకొచ్చి "లక్ష్మి గారేనా?" అని అడుగుతారు. సగం నిద్రలో ఉన్న ఏ పెద్దావిడైనా ఊఁ అంటుంది, మన వార్డుల్లో లక్ష్మిలకు కొదవా! "మీ పేరు చెప్పండమ్మా" అని అడిగి, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) చూసుకోవాలి. ఇది పక్కన నిలబడి నేర్పితేనే వస్తుంది.

వార్డు సిస్టర్:
ట్రే సంగతి నిజమే. మా వార్డులోనూ అంతే, రేపే విడదీయిస్తాను. మార్కులు కోయొద్దు, సరే. కానీ ఒక వారం ఆ అమ్మాయి ఇంజెక్షన్లు వేయకూడదు, పక్కనుండి డోస్ లెక్క నోటితో చెప్పాలి. అలా వందసార్లు చెప్పాక ఇవ్వనివ్వండి. ఇందులో నేను తగ్గను.

థర్డ్ ఇయర్ స్టూడెంట్:
వార్డులో ఉంచి చేయిస్తే మంచిదే సిస్టర్. ఆసుపత్రి వాళ్లు అసలు రావద్దంటున్నారు కదా, చిక్కంతా అక్కడే. క్లినికల్ గంటలు నూటికి నూరు పూర్తయితేనే డిగ్రీ. పోయిన గంటలు సెలవుల్లో చేసుకోమంటారు, అప్పుడు పక్కన ట్యూటర్ కూడా ఉండరు. మేడమ్, మీటింగ్‌లో ఈ ఒక్కటి అడుగుతారా?

క్లినికల్ ట్యూటర్:
అడుగుతాను. శుక్రవారం మీటింగ్. ఏమన్నారో ఇక్కడే రాస్తాను.