కాటా పెట్టి తూచాలా, కంచం చూసి తినాలా? కొత్తగా బరువు తగ్గేవాళ్లకి ఏది చెప్పాలి

గంటస్తంభం:
విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి మన బరువు తగ్గే బృందంలో కొత్తగా చేరేవాళ్లు అడిగేది ఒకటే, "బరువు తగ్గాలి, ఎక్కడ మొదలెట్టాలి?" అని. మనం ఇస్తున్న జవాబులు మాత్రం రెండు. వంటింటి కాటా కొని తిన్న ప్రతిదీ గ్రాముల్లో ఫోన్ యాప్‌లో రాయమని కొందరు అంటున్నారు. లెక్కలొద్దు, కంచంలో సగం కూరలు, పావు అన్నం, పావు పప్పో చేపో గుడ్డో ఉంటే చాలని కొందరు. రెండూ విన్నవాళ్లు ఏదీ మొదలెట్టకుండా ఆగిపోతున్నారు. ఇక్కడ తేల్చుకుందాం. ఎవరికి ఎంత తగ్గిందన్న కబుర్లు కాదు, కొలతలూ కారణాలూ చెప్పండి.

నాగావళి గట్టు:
కాటాయే. కనీసం మొదటి మూడు వారాలు. కారణం అన్నం.

ఉడికిన అన్నం 100 గ్రాములకి సుమారు 130 కేలరీలు. వెడల్పు కంచంలో 150 గ్రాముల అన్నానికీ 300 గ్రాముల అన్నానికీ తేడా కంటికి ఆనదు. ఆ పొరపాటు పూటకి దగ్గర దగ్గర 200 కేలరీలు, రెండు పూటలకి 400. మనం రోజుకి తగ్గించమని చెప్పేది 400, 500 కేలరీలే. అంటే పడ్డ కష్టమంతా అన్నం కుప్పలోనే కలిసిపోయింది.

కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు బియ్యం లెక్కనీ అన్నం లెక్కనీ కలిపెయ్యడం. పచ్చి బియ్యం 100 గ్రాములకి 350 పైచిలుకు కేలరీలు. ఉడికాక అదే బియ్యం నీళ్లు పీల్చి రెండున్నర, మూడు రెట్లు బరువెక్కుతుంది. 200 గ్రాముల అన్నం తూచి యాప్‌లో బియ్యం పేరు నొక్కితే 260 ఉండాల్సిన చోట 700 పడుతుంది. అది చూసి బెదిరిపోయి మర్నాడు మానేసేవాళ్లున్నారు. తిరగేస్తే ఇంకా ప్రమాదం, తిన్నదానిలో మూడోవంతే లెక్కకొస్తుంది.

ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నెలో వండినా పద్ధతి ఇదీ. వండేముందు బియ్యం తూచండి, 400 గ్రాములనుకుందాం. ఉడికాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసెయ్యండి. 1100 గ్రాములు వచ్చిందనుకోండి. 1100ని 400తో భాగిస్తే 2.75. మీ వాటా అన్నం 220 గ్రాములైతే, 220ని 2.75తో భాగించండి. 80 గ్రాముల బియ్యం, అంటే 280 కేలరీలు. అదే బియ్యం, అదే ఎసరు ఉన్నన్నాళ్లు ఆ 2.75 పెద్దగా మారదు. రెండు మూడు రోజులు చూసి గోడమీద రాసిపెట్టుకోండి, రోజూ భాగహారం అక్కర్లేదు. గంజి వార్చే ఇళ్లలో కాస్త పిండి గంజిలో పోతుంది. ఆ తేడా చిన్నది, వదిలెయ్యండి. ఆ గంజిలో ఉప్పేసుకుని తాగితే మాత్రం అదీ తిన్నట్టే.

పైడితల్లి వీధి:
నాగావళి గారూ, మీ లెక్కలో తప్పు పట్టను. ఆ లెక్క చెయ్యాల్సింది ఎవరండీ? ఆరుగురికి వండే ఇల్లాలు. పొద్దున్నే క్యారేజీలు కట్టే హడావిడిలో ఉల్లిపాయలూ టమాటాలూ పోపుగింజలూ తూచమంటే నాలుగో రోజుకి కాటా అటకెక్కుతుంది. దాంతోపాటే మొదలెట్టిన పనీ.

గ్రాముల దాకా వెళ్లినా కచ్చితం వస్తుందా అంటే రాదు. యాప్‌లో "సాంబార్ ఒక కప్పు" అని వెతకండి. ఒకచోట ఉన్న అంకెకి రెట్టింపు ఇంకోచోట ఉంటుంది, ఎందుకంటే అందులో చాలామటుకు ఎవరికి తోచింది వాళ్లు ఎక్కించినవే. అన్నం 183 గ్రాములని తూచి, పక్కన సాంబారుకి ఊహ లెక్క వేస్తే ఆ 183కి అర్థమేముంది?

అసలు కాటాకి అందనిది ఇంకొకటుంది. మన ఇళ్లలో ఆడవాళ్లు ఆఖర్న తింటారు. పిల్లాడు వదిలేసిన అర ఇడ్లీ, గిన్నె అడుగున మిగిలిన రెండు గరిటెల పులిహోర, రేపటికి పాడైపోతుందన్న కూర. అది భోజనం కింద ఎవరూ లెక్కపెట్టరు. రోజుకి 200, 300 కేలరీలు అలా పోతాయి. దీనికి మందు తూకం కాదు. తన వాటా ముందే తీసి పక్కన పెట్టుకోవడం, రాత్రికి బియ్యం అరగ్లాసు తక్కువ పొయ్యడం. మిగిలిన అన్నంలో నీళ్లు పోస్తే పొద్దున్నకి చద్దన్నం, అప్పుడు ఆ పూట టిఫిను మానాలి. చద్దన్నమూ తిని ఇడ్లీలూ తింటే రెండు పూటలు తిన్నట్టే.

నాగావళి గట్టు:
మిగిలినవి తినడం గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. కంచం బొమ్మ మాత్రం మన భోజనానికి కుదరదు. అది అన్నీ ఒకేసారి వడ్డించుకుని తినేవాళ్ల కోసం గీసింది. మనం తినేది వరసలు. ముందు పప్పన్నం, తర్వాత కూరన్నం, ఆపైన చారన్నం, చివర పెరుగన్నం. ప్రతి వరసకీ మళ్లీ అన్నం పెట్టుకుంటాం. ఏ క్షణాన చూసినా కంచంలో అన్నం పావువంతే కనబడుతుంది, భోజనం ముగిసేసరికి నాలుగు పావులూ లోపలికెళ్లాయి. ఇంక సగం కంచం కూరలంటారా, మన కంచంలో కూర అన్నంలో నంజుకునేటంతే ఉంటుంది. వండే కూర పరిమాణమే రెట్టింపు చెయ్యకుండా సగం కంచం ఎలా నిండుతుంది?

చోడిపిండి:
మధ్యలో ఒక ప్రశ్న. బియ్యం మానేసి చోడి (రాగి) అంబలి, సామల అన్నం, కొర్రల అన్నం తింటే ఈ తూకాలేవీ అక్కర్లేదంటున్నారు. నిజమేనా?

నాగావళి గట్టు:
కాదండి. చోళ్లు, సామలు, కొర్రలు ఏవైనా పచ్చి గింజ 100 గ్రాములకి 320 నుంచి 350 కేలరీల మధ్యే, బియ్యం కంటే పెద్దగా తక్కువేం కాదు. పీచు ఎక్కువ, ఆకలి కాస్త ఆగుతుంది, అది నిజమైన లాభం. అంబలి మేలు చేసేది పలచగా ఉండబట్టి. 30 గ్రాముల చోడిపిండి 300 మి.లీ. నీళ్లలో కాచి, చల్లారాక మజ్జిగ కలిపితే 120 కేలరీల లోపు పెద్ద గ్లాసు నిండుతుంది. అదే పిండి సంకటి చేసుకుని రెండు ముద్దలు తింటే అన్నంతో సమానం. బెల్లం వేసి జావ చేస్తే ఆ బెల్లం విడిగా కట్టుకోవాలి, గ్రాముకి దాదాపు 4.

సరుకుల చీటీ:
మీ ఇద్దరూ అన్నం దగ్గరే ఆగిపోయారు. మనవైపు వంటలో కనబడకుండా దూరేది నూనె. గ్రాముకి 9 కేలరీలు, నెయ్యి తప్ప ఇంత చిక్కనిది వంటింట్లో ఇంకోటి లేదు. చిన్న చెంచా 40, పెద్ద చెంచా 120. కూరని తూచినా అందులోకి ఎంత నూనె పోయిందో కాటా చెప్పదు, కంచమూ చెప్పదు.

నెల సరుకుల చీటీ చెబుతుంది. నలుగురున్న ఇంట్లో నెలకి నాలుగు లీటర్ల నూనె అవుతోందనుకుందాం. లీటరు దాదాపు 910 గ్రాములు. నాలుగు లీటర్లు నలుగురికి పంచితే మనిషికి 910 గ్రాములు, రోజుకి 30. అంటే 270 కేలరీలు, అదీ బయట తిన్న బజ్జీలు, పునుగులు కాక. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల రోజుకి చెప్పింది 27 గ్రాముల నూనె. మనం బరువు తగ్గేవాళ్లకి చెబుతున్నది 2000 కంటే తక్కువ కదా. చీటీలో నాలుగుని రెండున్నర చెయ్యండి. మనిషికి రోజుకి 19 గ్రాములు. 100 కేలరీలు పోయాయి, ఎవరి కంచమూ తూచలేదు, ఎవరి అన్నమూ తగ్గించలేదు.

ఎలా తగ్గుతుందంటే, ప్యాకెట్ కత్తిరించి నేరుగా మూకుడులోకి వంపడం మానాలి. ఒక సీసాలో పోసుకుని చెంచాతోనే వెయ్యాలి. బెండకాయ, దొండకాయ, అరటికాయ వేపుళ్లు ముందు ఆవిరి మీద మెత్తబెట్టి ఆఖర్న రెండు చెంచాల నూనెలో తిప్పితే సరి. పచ్చివే నూనెలో వేపితే వంకాయ ముఖ్యంగా తాగేస్తుంది. ఆవపెట్టిన కూరకి ఎలాగూ కూర ఉడకబెట్టి వార్చి చేస్తాం, పోపు నూనె ఒక్కటే. వారంలో రెండు వేపుళ్ల బదులు ఆవకూరలు చెయ్యండి. నూపప్పు పొడి దండిగా జల్లితే మాత్రం మళ్లీ మొదటికే, పది గ్రాములకి 55 కేలరీలు పైనే.

పలాస జీడిపప్పు ఇంట్లో ఉంటే డబ్బా టీవీ దగ్గర పెట్టకండి. 30 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు, 170 కేలరీలు.

వంశధార:
కాటానా కంచమా అన్న దానికంటే ముందు చెప్పాల్సిన మాటలు నాలుగున్నాయి. కొత్తవాళ్లకి మనం రాసే మొదటి పేజీలో ఇవి లేకపోతే మనం హాని చేసినవాళ్లమవుతాం.

షుగరుకి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు అన్నం హఠాత్తుగా సగం చేస్తే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, కంగారు మొదలవుతాయి. వెంటనే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. అసలు తిండి తగ్గించేముందే డాక్టరుగారితో మాట్లాడి మందు మోతాదు సరిచూసుకోవాలి.

ఉద్దానం వాళ్లకి, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు వాళ్లకి, ప్రొటీన్ పౌడరు కొనేముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోమని గట్టిగా చెప్పండి. అక్కడ కిడ్నీ జబ్బు చడీచప్పుడు లేకుండా ముదురుతుంది, కాళ్లు వాచేదాకా తెలియదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు ప్రొటీను ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. కొబ్బరినీళ్లు కూడా వాళ్లకి మంచివని అనుకోకూడదు, అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ బాగున్నవాళ్లకి కిలో బరువుకి 0.8 నుంచి 1 గ్రాము ప్రొటీను ఇంటి తిండితోనే వస్తుంది. గుడ్డుకి 6 గ్రాములు, పచ్చి కందిపప్పు 100 గ్రాములకి 22.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ లెక్కల జోలికి రావద్దు. తిండి అంటే భయం పట్టుకున్న పిల్లలకి, తిని వాంతి చేసుకునేవాళ్లకి కాటా ఇవ్వకండి, అది రోగాన్ని పెంచుతుంది.

ఇంకొకటి, "అందరూ 1200 కేలరీలు" అని ఎవరూ రాయొద్దు. డాక్టరు చూడకుండా ఆడవాళ్లు 1200కి, మగవాళ్లు 1500కి దిగువకి పోకూడదు. పొలంలో, ఇటుకబట్టీలో పనిచేసే మనిషికి 1500 చాలదు. తింటున్నదాంట్లోంచి 400, 500 తగ్గిస్తే వారానికి అరకిలో లోపు తగ్గుతుంది, అది చాలు.

అసలు తగ్గాల్సిన అవసరం ఉందో లేదో కూడా చూసుకోవాలి. మనవాళ్లకి బీఎంఐ (కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం. 160 సెంటీమీటర్ల మనిషికి అవి 59, 64 కిలోలు. నడుము మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

రాజాం రోడ్డు:
తిండి తూచడం మీద ఇంత చర్చ జరుగుతోంది, మనిషిని తూచడం మీద ఎవరూ అడగలేదు. మానేసేవాళ్లలో ఎక్కువమంది మానేసేది అక్కడే. మొదటివారం అన్నం తగ్గించగానే ఒకటి రెండు కిలోలు పోతాయి. అది చాలామటుకు నీరు. ఒంట్లో నిలవుండే పిండిపదార్థం తరిగితే దాన్ని పట్టుకున్న నీరూ పోతుంది. రెండో వారం ఏమీ తగ్గదు, "ఆగిపోయింది" అంటారు. పెళ్లిభోజనంలో పులిహోర, ఆవకాయ తిన్న మర్నాడు కిలో పెరుగుతుంది, అది ఉప్పు పట్టుకున్న నీరు. కిలో కొవ్వు పెరగాలంటే 7700 కేలరీలు అదనంగా తినాలి, ఒక్క పూటలో అది అయ్యే పని కాదు. నెలసరి ముందు ఆడవాళ్లకీ ఇంతే, వాళ్లు ఈ నెలసరి మూడో రోజు బరువుని వచ్చే నెలసరి మూడో రోజుతో పోల్చుకోవాలి.

పొద్దున్నే దొడ్డికెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు, బరువు చూసే మిషను గచ్చుమీద పెట్టి చూడాలి. చాపమీద పెడితే అంకె మారుతుంది. ఏడు రోజుల సగటు కట్టి, ఈ వారం సగటుని కిందటి వారం సగటుతో పోల్చాలి. నాలుగు వారాలు చూడకుండా తిండి మళ్లీ తగ్గించకూడదు.

పైడితల్లి వీధి:
నాగావళి గారు వరసల భోజనం గురించి అన్నది నన్ను ఆలోచనలో పడేసింది. కంచం బొమ్మ మనకి నప్పదు, ఒప్పుకుంటున్నాను. అయినా అందుకు రోజూ తూకం అక్కర్లేదు. అన్నం కంచంలో కాకుండా పక్కన ఒక స్టీలు గిన్నెలో పెట్టుకోవాలి. ఒక్కసారి తూచి, తల కొట్టి నింపితే 200 గ్రాములు పట్టే గిన్నె ఎంచుకోండి. పప్పుకైనా చారుకైనా పెరుగుకైనా అన్నం ఆ గిన్నెలోంచే రావాలి. గిన్నె ఖాళీ అయ్యాక అన్నం వడ్డించే హస్తం ముట్టుకోకూడదు. పప్పుకే సగం అయిపోతే చారు గ్లాసులో పోసుకుని తాగండి, పెరుగు మజ్జిగ చెయ్యండి. కూర రెట్టింపు వండాలన్నది మాత్రం తప్పదు. మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలతో కలిపి. నలుగురికి కిలోన్నర పైనే కొయ్యాలి, సంత నుంచి తెచ్చే సంచీ ముందు పెద్దదవ్వాలి.

నాగావళి గట్టు:
గిన్నె పద్ధతి బాగుంది. మొదటి మూడు వారాలు రోజూ తూచాలన్న మాట నేను వెనక్కి తీసుకోను. అన్నం తల కొట్టి నింపడంలో నొక్కి నింపేవాళ్లున్నారు, వారం తిరిగేసరికి 200 కాస్తా 260 అవుతుంది. మూడు వారాల తర్వాత ఆదివారం ఒక్కరోజు తూచి సరిచూసుకుంటే చాలు. ఉల్లిపాయలు, టమాటాలు, ఆకుకూరలు, కారం, చింతపండు తూచక్కర్లేదని మీ మాటే రాద్దాం. తూచాల్సినవి అన్నం, పప్పు, జీడిపప్పు, వేరుశనగలు, బెల్లం, పంచదార. నూనెకి సరుకుల చీటీ గారి పద్ధతి.

చోడిపిండి:
వేడి కుక్కరు గిన్నె కాటామీద పెడితే పాడవదా? ఖాళీ గిన్నె బరువు ప్రతిసారీ ఎక్కడ చూస్తాం, అందులో అన్నం ఉంటే?

సరుకుల చీటీ:
నేరుగా పెడితే ప్లాస్టిక్ పళ్లెం వంగుతుంది, లోపలి సెన్సరు వేడికి తప్పు చూపిస్తుంది. ముందు కాటామీద చిన్న చెక్కపలక పెట్టి "టేర్" మీట నొక్కండి, సున్నా పడుతుంది. ఆ తర్వాత గిన్నె పెట్టండి. ఇంట్లో అన్నం వండే గిన్నెలు రెండో మూడో ఉంటాయి. ఒకరోజు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కొక్కటీ తూచి, ఆ అంకె గిన్నె అంచు కింద మేకుతో గీసెయ్యండి, పేర్లు కొట్టించుకుంటాం చూడండి, అలాగ. మార్కరుతో రాస్తే రెండు తోముళ్లకి పోతుంది. ఐదు కిలోల కాటా తీసుకోండి, రెండు కిలోలది గిన్నెతో కలిపితే చాలదు.

చోడిపిండి:
మేకు దొరికింది. పెద్ద గిన్నె 640, చిన్నది 385. రేపు పొద్దున్న బియ్యం తూచి పోస్తాను.