అనుమతి పత్రం దగ్గర ఆగిపోయాను, తెలిసినవారు చెప్పండి

హనుమకొండ చెల్లి: అందరికీ వందనాలు. ఉదయం ఆరు గంటల నుంచి కంప్యూటర్ ముందే ఉన్నాను. ఈశాన్యంలో నేను పనిచేసే రాష్ట్రంలోకి బయటివాళ్లు వెళ్లాలంటే కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ కోసం పెడుతున్నాను. దరఖాస్తు సగం దాకా వెళ్తుంది, హామీదారు వివరాలు అడిగి అక్కడే ఆగుతుంది. అమ్మ ఆపరేషన్ కోసం ఫర్లోకి, అంటే మా మిషనరీలకు ఇంటికి వెళ్లి రావడానికి ఇచ్చే సెలవుకి, వచ్చి ఎనిమిది నెలలైంది, పాత పత్రం గడువు ఎప్పుడో తీరిపోయింది. మంగళవారం కాజీపేటలో రైలెక్కాలి. పచ్చడి సీసాలు కూడా సర్దేశాను. ఏం చేయాలి?

మితభాషి: ఏ రాష్ట్రం?

డోర్నకల్ పాతకాపు: ఫర్లో సైన్యం మాట, చెల్లీ. ఓడ ప్రయాణానికే నెలలు పట్టే కాలంలో తెల్ల దొరలు ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి, ఒకసారి స్వదేశం చూసి వచ్చేవారు. మనకెందుకు ఆ మాట? అజరయ్య గారు తమిళులు. మన డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నారు, 1912లో బిషప్ అయ్యారు, 1945లో ఇక్కడే కన్నుమూశారు. పని ఉన్న చోటే ఇల్లు అనుకోవాలి.

హనుమకొండ చెల్లి: అమ్మ ఇక్కడ మంచం మీద ఉంటే ఇది ఇల్లు కాదని ఎలా అనుకోను అన్నా?

రైల్వే క్వార్టర్స్: సొంత దేశంలో తిరగడానికి అనుమతి ఏమిటో! ఇంగ్లీషువాళ్లు 1873లో పెట్టిన నిబంధన ఇంకా మోస్తున్నాం. అరుణాచల్ అయితే ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు.

మితభాషి: ఏ రాష్ట్రం అని అడిగాను.

హనుమకొండ చెల్లి: రాశాననుకున్నాను, క్షమించండి. మిజోరం. చక్మా తెగవాళ్ల ఊళ్ల దగ్గర బడిలో చెబుతాను. పోయినసారి హామీ ఇచ్చిన పెద్దాయన కొడుకు దగ్గరికని షిల్లాంగ్ వెళ్లిపోయారట.

రైల్వే క్వార్టర్స్: మిజోరంలో నూటికి 87 మంది క్రైస్తవులే కదా, 2011 లెక్కల్లో చూశాను. అక్కడికి మిషనరీ ఎందుకు?

డోర్నకల్ పాతకాపు: చక్మాలు ఎక్కువగా బౌద్ధులు. అయినా బడిలో చెప్పేవారిని మిషనరీ అనాలా, టీచరమ్మ అనాలా?

మితభాషి: మీరు నింపుతున్నది 6 నెలల రెగ్యులర్ పత్రం. దానికి స్థానికుల హామీ ఉండాలి. 15 రోజుల తాత్కాలిక పత్రానికి అక్కరలేదు. గువాహటిలోనో సిల్చార్‌లోనో మిజోరం హౌస్‌లో ఇస్తారు, విమానమైతే లెంగ్‌పుయిలో దిగగానే తీసుకోవచ్చు. గుర్తింపు కార్డు, ఫొటోలు దగ్గర పెట్టుకోండి. వెళ్లాక ఆ 15 రోజుల్లోనే ఊళ్లో ఇంకొకరి చేత హామీ రాయించి రెగ్యులర్‌కు పెట్టండి. ఆదివారం ఆఫీసు ఉండదు, ఏ రోజు దిగుతారో ముందే లెక్క చూసుకోండి.

హనుమకొండ చెల్లి: ఇంత చిన్న విషయమా! నిన్నటి నుంచి అమ్మకు చెప్పకుండా ఏడుస్తున్నాను. గువాహటిలోనే తీసుకుంటాను. థాంక్స్ అండీ. ఒక సీసా కారుతోంది, చూడాలి.

డోర్నకల్ పాతకాపు: ఫర్లోకి తెలుగు మాట మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.