మార్కెట్ బయ్యర్లదే అంటున్నారు, మరి మేం చూసిన ఇంటికే నాలుగు ఆఫర్లా?

డాలస్‌కి కొత్త:
అందరికీ నమస్తే. ఇండియా నుంచి వచ్చి ఏడాదిన్నర అవుతోంది, హెచ్‌వన్‌బీ మీద ఉన్నా, డాలస్ నార్త్ సైడ్ అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. పాపని వచ్చే ఆగస్టులో కిండర్‌గార్టెన్‌లో వెయ్యాలి, అందుకని ఇల్లు చూడటం మొదలుపెట్టాం. ఆఫీసులో అడిగినా యూట్యూబ్‌లో చూసినా ఇప్పుడు బయ్యర్స్ మార్కెట్, లిస్ట్ ప్రైస్, అంటే అమ్మేవాడు పెట్టిన ధర, దాని మీద పాతిక ముప్పై వేలు తగ్గించి అడుగు అని ఒకటే మాట. సరేనని ఒక ఇల్లు లిస్టయిన మూడో రోజే అలా తగ్గించి ఆఫర్ వేశాం. సోమవారం మా ఏజెంట్ ఫోన్ చేసి నాలుగు ఆఫర్లు వచ్చాయి, వాళ్ళు మనది అసలు లెక్కలోకే తీసుకోలేదు అన్నాడు. ఇదేం బయ్యర్స్ మార్కెట్ అండీ? ఏజెంట్ ఏమైనా కథలు చెప్తున్నాడా? మా ఆవిడైతే ఈసారి ఇన్‌స్పెక్షన్ కూడా వద్దని రాసిచ్చేద్దాం, ఎలాగైనా కొట్టేయాలి అంటోంది.

పాతకాపు:
తమ్ముడూ ముందు ఇది చెప్పు. ఆ ఇల్లు ఈస్ట్ ఫేసింగా? మంచి స్కూల్ జోనా? కింద ఫుల్ బాత్‌తో ఒక బెడ్‌రూమ్ ఉందా, పేరెంట్స్ వస్తే ఉండటానికి?

డాలస్‌కి కొత్త:
అన్నా మూడూ కరెక్టే! ఎలా కనిపెట్టారు?

పాతకాపు:
కనిపెట్టడానికేముంది, ఆ నాలుగు ఆఫర్లలో మూడు మనవాళ్ళవే అయ్యుంటాయి. నేను కొన్నప్పుడూ ఇదే తంతు, క్లోజింగ్ (డబ్బు కట్టి ఇల్లు నా పేరు మీదకి రావడం) అయ్యాక తెలిసింది నాతో పోటీపడ్డది మా టీమ్‌లోనే నా పక్క సీటువాడని.

బయ్యర్స్ మార్కెట్ అనేది ఊరి మొత్తానికి తీసే లెక్క. కొత్తగా ఒక్క ఇల్లు కూడా లిస్ట్ కాకపోతే ఇప్పుడున్న ఇళ్ళన్నీ అమ్ముడుపోవడానికి ఎన్ని నెలలు పడుతుంది అని చూస్తారు, సుమారు ఆరు నెలల సరుకుంటే సమానం, అంతకంటే ఎక్కువుంటే కొనేవాడిది పైచేయి. కానీ ఆ సరుకులో హైవే పక్కనవి, వెస్ట్ ఫేసింగ్‌వి, స్కూల్ రేటింగ్ తక్కువున్నవి, నువ్వు ఛస్తే కొనని ఇళ్ళన్నీ కలిసే ఉంటాయి కదా. నువ్వు కావాలనుకునే రకం ఇళ్ళు ఆ జోన్‌లో ఎప్పుడు చూసినా రెండో మూడో ఉంటాయి, వాటి కోసం తిరిగేవాళ్ళు ఇరవై మంది, కాబట్టి ఊర్లో ఏ మార్కెట్ ఉన్నా ఆ రెండు ఇళ్ళ దగ్గర మాత్రం ఎప్పుడూ సెల్లర్స్ మార్కెట్టే. మీ ఏజెంట్ అబద్ధం చెప్పలేదులే. కాకపోతే మూడు రోజుల ఇంటికీ మూడు నెలల ఇంటికీ ఒకే బేరం పనికిరాదని నీకు ముందే చెప్పాల్సింది.

ఇంకోటి, టెక్సాస్‌లో ఇల్లు ఎంతకి అమ్ముడుపోయిందో బయటపెట్టాలని రూల్ లేదు. నువ్వు యాప్‌లో చూసేది చాలావరకు లిస్ట్ ప్రైసే, అసలు ఎంతకి క్లోజ్ అయిందో ఎంఎల్‌ఎస్‌లో, అంటే ఏజెంట్లు వాడే లిస్టింగుల డేటాబేస్‌లో, వాళ్ళకి కనబడుతుంది. అదే సబ్‌డివిజన్‌లో గత మూడు నాలుగు నెలల్లో అమ్ముడుపోయినవి, ఎన్ని రోజులకి పోయాయి, కొనేవాడి ఖర్చులకి సెల్లర్ ఎంత క్రెడిట్ ఇచ్చాడు, ఇవన్నీ ప్రింట్ తీసివ్వమను. 2024 ఆగస్టు నుంచి ఇల్లు చూపించే ముందే బయ్యర్ ఏజెంట్‌తో రాతపూర్వకంగా అగ్రిమెంట్ రాసుకుంటున్నారు కదా, నువ్వూ పెట్టే ఉంటావు సంతకం. వాడి ఫీజు ఎంతో అందులో ఉంటుంది, ఆ ఫీజుకి ఈ పని చేయించుకో.

రెండుసార్లు ఓడినదాన్ని:
తమ్ముడూ మీ ఆవిడకి నా మాటగా చెప్పు, ఇన్‌స్పెక్షన్ మాత్రం వదలొద్దు. ఇక్కడ చాలాచోట్ల నేల నల్లరేగడి, వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, దాంతోపాటు ఇంటి కింద పునాది స్లాబ్ కదులుతుంది. తలుపు సరిగ్గా పడకపోవడం, గుమ్మం మూలన పగులు, ఇలాంటివి ఓపెన్ హౌస్‌లో పది మంది మధ్య తిరుగుతూ చూస్తే కనబడవు. వడగళ్ళకి రూఫ్ సంగతి సరేసరి.

టెక్సాస్ కాంట్రాక్ట్‌లో ఆప్షన్ పీరియడ్ అని ఉంటుంది, కొంచెం ఫీజు కట్టి వారమో పది రోజులో తీసుకుంటే ఆ లోపల ఏ కారణం చెప్పకుండానే బయటికి రావచ్చు, ఆప్షన్ ఫీజు పోతుంది కానీ ఎర్నెస్ట్ మనీ, అంటే బయానా, వెనక్కొస్తుంది. పోటీ ఉందనిపిస్తే దాన్ని పదికి బదులు ఐదు రోజులు చెయ్యి, ఫీజు కాస్త ఎక్కువివ్వు, ఇన్‌స్పెక్టర్‌ని ముందే బుక్ చేసి పెట్టుకో. సెల్లర్‌కి నువ్వు సీరియస్ అని తెలుస్తుంది, నీ రక్షణా పోదు.

మేం మొదటిసారి ఓడింది ధర దగ్గర కాదు తెలుసా. మా లోన్ లెటర్ ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల్లో వచ్చిన ప్రీ క్వాలిఫికేషన్, అంటే మనం చెప్పిన లెక్కల మీద ఇచ్చే ఉజ్జాయింపు కాగితం, అవతలివాళ్ళు డాక్యుమెంట్లన్నీ లోన్ ఓకే చేసే అండర్‌రైటర్‌తో ముందే చూపించుకుని వచ్చారు. మాకంటే తక్కువకే ఇచ్చాడు సెల్లర్. రెండోసారి ఆవేశంలో బాగా పైకి వేసి గెలిచాం, తీరా అప్రైజల్ (లోన్ కోసం ఇంటికి కట్టించే విలువ) తక్కువొచ్చింది. మనం కొనే ధర, అప్రైజల్ రెండింట్లో ఏది తక్కువైతే దాని మీదే బ్యాంకు లోన్ ఇస్తుంది, మిగతాది చేతి నుంచి పెట్టుకోవాలి, మా దగ్గర లేక వదులుకున్నాం. ఆ నెల రోజులూ ఇంట్లో ఎవరికీ తిండి సయించలేదు.

డాలస్‌కి కొత్త:
థాంక్స్ అక్కా. లోన్ విషయంలో నాకూ డౌటే, డౌన్ పేమెంట్ తక్కువ కాబట్టి ఎఫ్‌హెచ్‌ఏ, అదే గవర్నమెంట్ ఇన్సూరెన్స్ ఉండే లోన్, తీసుకోమని ఒక ఫ్రెండ్ అన్నాడు.

పాతకాపు:
మీ ఫ్రెండ్‌ది పాత సమాచారం. 2025 మే 25 నుంచి గ్రీన్‌కార్డ్ లేనివాళ్ళకి, అంటే మన హెచ్‌వన్‌బీ వాళ్ళకి, కొత్తగా ఎఫ్‌హెచ్‌ఏ లేదు. కన్వెన్షనల్‌కి, అంటే గవర్నమెంట్ ఇన్సూరెన్స్ లేని మామూలు లోన్‌కి వెళ్ళు, ఇరవై శాతం కన్నా తక్కువ పెడితే పీఎంఐ (లెండర్ రక్షణకి నువ్వు కట్టే ఇన్సూరెన్స్) పడుతుంది, అది తర్వాత తీయించుకోవచ్చు. నాన్నగారు డబ్బు పంపుతుంటే ఇప్పుడే తెప్పించుకో, గిఫ్ట్ లెటర్ రెడీగా పెట్టుకో, ఆఫర్ ఓకే అయ్యాక అకౌంట్‌లో పెద్ద మొత్తం పడితే లెండర్ ఇది ఎక్కడిదని ప్రాణం తీస్తాడు.

ఇక బయ్యర్స్ మార్కెట్ లాభం నీకు ఎక్కడ దొరుకుతుందంటే, నలభై యాభై రోజులు దాటి ఒకసారి రేటు తగ్గించిన ఇళ్ళ దగ్గర. అక్కడ పోటీ ఉండదు, సెల్లరే ఫోన్ కోసం చూస్తుంటాడు. అక్కడ కూడా అందరూ ధర ఒక్కటే తగ్గించమంటారు. పదివేలు తగ్గిస్తే ముప్పై ఏళ్ళ లోన్‌లో ఆరున్నర శాతం వడ్డీ దగ్గర నీకు నెలకి మిగిలేది అరవై మూడు డాలర్లు. అదే పదివేలు క్లోజింగ్ కాస్ట్‌కి క్రెడిట్‌గా అడిగితే చేతిలో డబ్బు మిగులుతుంది, పాయింట్లు కొని, అంటే లెండర్‌కి ముందే కొంత కట్టి, వడ్డీ రేటైనా తగ్గించుకోవచ్చు. దానికీ పరిమితి ఉంది, కన్వెన్షనల్‌లో పది శాతం లోపు డౌన్ పేమెంట్ అయితే సెల్లర్ క్రెడిట్ ధరలో మూడు శాతం దాటకూడదు, పది పెడితే ఆరు దాకా ఓకే.

బిల్డర్ సంగతి:
కొత్త ఇళ్ళు కూడా చూడు బ్రో. కట్టేసి ఖాళీగా ఉన్నవి క్వార్టర్ ఎండింగ్‌లో బిల్డర్లు వదిలించుకోవాలని చూస్తారు. మొదటిసారి వెళ్ళేటప్పుడే ఏజెంట్‌ని తీసుకెళ్ళు, తర్వాత చేర్చుకోనివ్వరు చాలామంది. వాళ్ళ లెండర్ దగ్గర తీసుకుంటేనే ఇన్సెంటివ్ అంటారు, బయట ఇద్దరి దగ్గర లోన్ ఎస్టిమేట్ తీసుకుని పోల్చు. మడ్, పిడ్ ట్యాక్సులు (కొత్త కాలనీలో నీళ్ళు, డ్రైనేజీ, రోడ్ల లాంటి వాటికి అదనంగా కట్టేవి) ఉన్నాయేమో అడుగు, నేను అడగలేదు, ప్రతి జనవరిలో ఏడుస్తున్నా. అక్కడ కూడా ఈస్ట్ ఫేసింగ్ లాట్లు బిల్డర్ కొత్త విడత (ఫేజ్) అమ్మకానికి పెట్టిన రోజే అయిపోతాయిలే.

డాలస్‌కి కొత్త:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని అరవై రోజులు దాటినవే ఫిల్టర్ పెట్టి చూశాం. అదే స్కూల్ జోన్‌లో నార్త్ ఫేసింగ్ ఒకటి ఉంది, 74 రోజులైంది, రెండుసార్లు తగ్గించాడు, ఫొటోలు దరిద్రంగా తీశారు కానీ ఇల్లు బానే ఉన్నట్టుంది. నార్త్ కూడా మంచిదే అని అత్తగారు ఒప్పుకున్నారట. శనివారం చూడబోతున్నాం, లింక్ ఇక్కడ పెట్టనా, మీరూ ఒకసారి చూసి చెప్తారు?

పాతకాపు:
పెట్టకు తమ్ముడూ! నాకు విడిగా పంపు. ఇక్కడ పెడితే శనివారం నీకంటే ముందు పార్కింగ్‌లో మనవాళ్ళ కార్లే ఉంటాయి.