క్యారీ పిస్టల్‌కు లేజర్ సైటా, రెడ్ డాటా? చత్వారం వచ్చిన కళ్లకు ఏది నప్పుతుంది?

ఇర్వింగ్_దుకాణదారు:

అందరికీ నమస్కారం. నేను టెక్సస్‌లో, డాలస్ పక్కన, గ్యాస్ స్టేషన్‌తో కూడిన చిన్న దుకాణం నడుపుతున్నాను. రాత్రి పొద్దుపోయాక దుకాణం మూసి, ఆ రోజు వచ్చిన నగదుతో కారు దాకా నడవవలసి ఉంటుంది కాబట్టి, కొన్నేళ్లుగా గ్లాక్ 43ఎక్స్ ఎంఓఎస్ (పైన రెడ్ డాట్ అమర్చుకొనే వీలున్న రకం) పిస్టల్‌ను ప్యాంటు నడుము పట్టీ లోపల పెట్టుకొనే హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) పెట్టుకుంటున్నాను. 2021 సెప్టెంబరు 1 నుంచి ఇక్కడ లైసెన్సు లేకున్నా పిస్టల్ వెంట ఉంచుకొనే వీలు వచ్చింది గాని, నేను ఎల్‌టీసీని (పిస్టల్ వెంట ఉంచుకొనే లైసెన్సును) వదులుకోలేదు.

నా ఇబ్బంది కళ్లతోనే. యాభై దాటిన తరువాత చత్వారం వచ్చి, గురి చూడటానికి బ్యారెల్ కొసన ఉండే ముందు సైట్ మసకగా కనబడుతోంది. సైట్ స్పష్టంగా కనబడే కళ్లద్దాలు పెట్టుకుంటే ఎదుటి లక్ష్యం అలుక్కుపోతుంది. దీనికి తోడు కొద్దిగా ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అసమానంగా ఉండే లోపం) కూడా ఉంది. తుపాకుల దుకాణంలో అడిగితే, లక్ష్యం మీద వెలుగు చుక్క వేసే లేజర్ పెట్టించుకోమన్నారు. చుక్క ఎక్కడ పడితే తూటా అక్కడే తగులుతుందని, అభ్యాసం పెద్దగా అవసరం లేదని చెప్పారు. షూటింగ్ రేంజ్‌లో పరిచయమైన మిత్రులు మాత్రం రెడ్ డాట్ (పిస్టల్ మీది చిన్న అద్దంలో ఎర్ర చుక్క చూపే సైట్) తప్ప మరొకటి చూడవద్దంటున్నారు. మా ఆవిడ దగ్గర స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్ ఉంది, ఆమెకూ ఏదైనా సాయం కావాలి. రెండూ ఒకేసారి కొనే ఉద్దేశం లేదు. ముందుగా ఏది కొనాలో, ఎందుకు కొనాలో తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

హ్యూస్టన్_శిక్షకుడు:

దుకాణదారు గారికి నమస్కారం. నా అభిప్రాయం ముందే చెబుతాను. మీ గ్లాక్ మీద రెడ్ డాట్ పెట్టించండి. లేజర్ సంగతి మీ శ్రీమతి గారి రివాల్వర్ వరకే ఆలోచించండి.

మామూలు సైట్లతో గురి చూసేటప్పుడు వెనక సైట్, ముందు సైట్, లక్ష్యం అనే మూడు వస్తువులు మూడు దూరాల్లో ఉంటాయి. కన్ను ఒకసారికి ఒక దూరాన్నే స్పష్టంగా చూడగలదు కాబట్టి ముందు సైట్ మీద చూపు నిలపమని నేర్పుతాం, చత్వారం సరిగ్గా ఆ శక్తినే తీసుకుపోతుంది. రెడ్ డాట్‌లో చిన్న ఎల్ఈడీ నుంచి బయలుదేరిన వెలుగు, ముందున్న అద్దం మీది పూతకు తగిలి, సమాంతర కిరణాలుగా మన కంటికి తిరిగి వస్తుంది. అందుకే ఆ చుక్క పిస్టల్ మీద ఉన్నట్టు కాక, దూరాన లక్ష్యం దగ్గర ఉన్నట్టు కనబడుతుంది. మీరు మనిషిని చూస్తూ ఉండవచ్చు, చుక్క చూపులోకి తానే వస్తుంది. మీ వయసు కళ్లకు ఇంతకు మించిన మేలు మరే సైట్‌తోనూ జరగదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక లేజర్. మీకు చెప్పిన మాట సగమే నిజం. లేజర్ పుంజం బ్యారెల్‌లోంచి రాదు. దానికి కిందనో పక్కనో ఒక అంగుళం ఎడంగా బయలుదేరుతుంది. కింద అమర్చిన లేజర్‌ను 10 గజాల దగ్గర కలిపితే, 20 గజాల దగ్గర చుక్క బ్యారెల్ చూపే గీతకు అదే అంగుళం పైకి వెళ్లిపోతుంది. ఆత్మరక్షణ దూరాల్లో ఈ తేడా పెద్దది కాదు గాని, అసలు సమస్య మరొకటి: చుక్క లక్ష్యం మీద ఉంటుంది కనుక, దానిని మీరు వెతుక్కోవాలి. టెక్సస్ మధ్యాహ్నపు ఎండలో ఎరుపు లేజర్ చుక్క ఏడెనిమిది గజాల దగ్గరే మాయమవుతుంది. పట్టపగలు మన కన్ను 555 నానోమీటర్ల దగ్గరి వెలుగును బాగా పట్టుకుంటుంది. ఎరుపు లేజర్లు 635 నుంచి 650 మధ్య, ఆకుపచ్చవి 520 నుంచి 532 మధ్య ఉంటాయి కాబట్టి, అదే 5 మిల్లీవాట్లకు ఆకుపచ్చది ఎక్కువ కనబడుతుంది, అయినా మిట్టమధ్యాహ్నం దానికీ కష్టమే. చుక్క లక్ష్యాన్ని తప్పి పక్కకు పోతే, అది వెనకాల ఎక్కడో పడి, మీకు ఏమీ కనబడదు. మరొక దురలవాటు నా విద్యార్థుల్లో తరచూ చూస్తుంటాను: వణికే చుక్క కుదురుకొనే దాకా ఎదురుచూసి, కుదిరిందనుకున్న క్షణాన ట్రిగ్గర్‌ను గుంజేస్తారు, తూటా కిందికి పోతుంది.

రెడ్ డాట్‌కు అభ్యాసం తప్పదు, దీనిని దాచి అమ్మేవారిని నమ్మవద్దు. పిస్టల్‌ను కంటి ముందుకు తెచ్చినప్పుడు మణికట్టు కాస్త వంగినా అద్దంలో చుక్క కనబడదు, కొత్తవారు పిస్టల్‌ను అటూ ఇటూ ఆడిస్తూ దానిని వెతుకుతారు. మందు ఒక్కటే: పిస్టల్‌ను ఖాళీ చేసి, గదిలో తూటాలు లేకుండా చూసుకొని, తూటాను ఆపగల గట్టి గోడ మీద ఒక చిన్న గుర్తును చూస్తూ, రోజూ కొద్దిసేపు డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ లాగే అభ్యాసం) చేయండి. చూపు గుర్తు మీదే ఉండాలి, చుక్క దానంతట అది అక్కడికి రావాలి. కొన్ని వారాల్లో చేతికి దారి తెలుస్తుంది. అద్దం అడుగున మామూలు సైట్లు కనబడే ఏర్పాటు ఉంటే, బ్యాటరీ పోయినా పని ఆగదు.

మీరు ఎల్‌టీసీ పరీక్ష రాశారు కదా, అందులో 50 తూటాలు 3, 7, 15 గజాల నుంచి కాల్చాలి. 3 గజాల దగ్గర ఏ సైటైనా ఒకటే. 15 గజాలకు వచ్చేసరికి చత్వారం ఉన్నవారి తూటాలు దూరదూరంగా చెదిరి తగులుతాయి, రెడ్ డాట్ పెట్టుకున్నాక అదే చేయి దగ్గరగా కాల్చడం చూసి వారే ఆశ్చర్యపోతారు.

కొనేటప్పుడు గమనించవలసిన విషయం, 43ఎక్స్ ఎంఓఎస్ స్లైడ్ (పిస్టల్ పైన ముందువెనకలకు కదిలే భాగం) మీది అమరిక షీల్డ్ ఆర్ఎంఎస్‌సీ అనే చిన్న రెడ్ డాట్ కుటుంబానికి చెందినది. ట్రిజికాన్ ఆర్ఎంఆర్ వంటి పెద్దవి దాని మీద నేరుగా కూర్చోవు. కొన్ని చిన్న డాట్లు చూడటానికి ఒకేలా ఉన్నా, అడుగున పిన్నులు పట్టే గుంటలు వేరుగా ఉంటాయి. స్లైడ్‌ను అరగదీసే బదులు సరైన ప్లేటు కొనండి. స్క్రూలను తయారీదారు చెప్పిన బిగువుకే, టార్క్ స్క్రూడ్రైవర్‌తో బిగించండి. మీరు ఒంటికి ఆనించి పెట్టుకుంటారు, ఇక్కడి వేసవిలో చెమట, బట్టల నూగు తప్పవు కనుక, ఎల్ఈడీ పూర్తిగా మూసి ఉండే రకం మంచిది. చుక్క పరిమాణం 6 ఎంఓఏ (చుక్క ఎంత పెద్దగా కనబడుతుందో చెప్పే కోణపు కొలత) తీసుకోండి. 25 గజాల దగ్గర అది సుమారు ఒకటిన్నర అంగుళాలను కప్పుతుంది, మీ అవసరానికి అదేమీ ఎక్కువ కాదు, కంటికి త్వరగా దొరుకుతుంది.

నేత్ర_పరీక్షకురాలు:

శిక్షకుడు గారు చత్వారం గురించి చెప్పినది సరైనదే. ఆస్టిగ్మాటిజం గురించి మాత్రం కొనక ముందే ఒక పరీక్ష చేసుకోవాలి. ఈ లోపం ఉన్నవారికి చుక్క గుండ్రంగా కాక, నక్షత్రంలాగానో, తోక ఉన్న గీతలాగానో, రెండు చుక్కలు అతుక్కున్నట్టో కనబడుతుంది. చాలామంది సైట్ పాడైందనుకొని తిరిగి ఇచ్చేస్తారు. దుకాణంలో ఆ చుక్కను ఫోన్ కెమెరాతో ఫొటో తీసి చూడండి: ఫొటోలో గుండ్రంగా ఉండి, మీ కంటికి చెదిరినట్టు ఉంటే, లోపం సైట్‌లో లేదు.

దూరపు చూపుకు ఇచ్చిన కళ్లద్దాల్లో సిలిండర్ పవర్ (ఆస్టిగ్మాటిజాన్ని సరిచేసే పవర్) సరిగ్గా ఉంటే, చెదరడం చాలావరకు తగ్గుతుంది. రెడ్ డాట్‌కు దూరపు చూపే కావాలి కాబట్టి, ప్రోగ్రెసివ్ అద్దాలు (పైన దూరపు చూపు, కింద దగ్గరి చూపు ఉండేవి) వాడేవారు తల పైకెత్తి కింది భాగంలోంచి చూసే అలవాటు మానుకోవాలి. కాంతిని ఎక్కువ పెట్టడం అందరూ చేసే పని, దానితో చెదరడం ఇంకా పెరుగుతుంది. పరిసరాల వెలుగుకు తగినంతగా తగ్గించి చూడండి. కొందరికి ఆకుపచ్చ చుక్క మరింత శుభ్రంగా కనబడుతుంది, అందరికీ కాదు. లేజర్‌తో ఈ చిక్కు తక్కువ, ఎందుకంటే అది లక్ష్యం మీద పడిన నిజమైన వెలుగు, దానిని మీరు మిగతా దృశ్యంతో పాటే చూస్తారు. కాని ఆ పుంజం కంటి రెటీనాకు హాని చేయగలదు. మీ దుకాణంలో శీతల పానీయాల అరల నిండా గాజు తలుపులే ఉంటాయి. వాటి మీద తగిలి తిరిగి వచ్చే లేజర్‌ను తేలికగా తీసుకోకండి.

రివాల్వర్_పక్షం:

లేజర్‌ను పూర్తిగా పక్కకు నెట్టడం నాకు సమ్మతం కాదు. రెడ్ డాట్ వాడాలంటే పిస్టల్ కంటి ఎత్తుకు రావాలి. కింద పడిపోయినప్పుడు, కారు సీటులో ఇరుక్కున్నప్పుడు, ఒక చేత్తో ఎవరినో వెనక్కి నెడుతున్నప్పుడు అది కుదరకపోవచ్చు. లేజర్ అప్పుడు కూడా బ్యారెల్ ఎటు ఉందో చెబుతుంది. 642 రివాల్వర్‌కు వెనక సైట్ అంటూ లేదు, పై పట్టీ మీద ఒక గాడి మాత్రమే ఉంది. రెడ్ డాట్ అమర్చడానికి తగిన చోటూ లేదు. క్రిమ్సన్ ట్రేస్ వంటి సంస్థలు చేసే పిడి లేజర్, పట్టుకోగానే వేలి ఒత్తిడికి వెలుగుతుంది. ఇప్పుడున్న హోల్‌స్టర్ కూడా మార్చవలసిన అవసరం సాధారణంగా ఉండదు. ఇంకొక లాభం ఉంది: ఖాళీ రివాల్వర్‌తో డ్రై ఫైర్ చేస్తుంటే, బరువైన ట్రిగ్గర్ లాగేటప్పుడు చేయి ఎక్కడ కదులుతోందో గోడ మీది చుక్క చూపిస్తుంది. శిక్షకుడికన్నా అది నిక్కచ్చిగా చెబుతుంది.

ఇర్వింగ్_దుకాణదారు:

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలను బట్టి, ముందు నాకు మూసి ఉండే రకం రెడ్ డాట్, తరువాత మా ఆవిడకు పిడి లేజర్ తీసుకుంటాము. రెండు సందేహాలు మిగిలాయి. రెడ్ డాట్‌ను ఎంత దూరానికి జీరో చేయాలి (చుక్క, తూటా తగిలే చోటు కలిసేలా సరిచేయాలి)? నేను ఊరెళ్లినప్పుడు దుకాణం చూసుకొనే మా మేనల్లుడు హెచ్1బీ మీద ఉన్నాడు, అతనికి కూడా దీని వాడకం నేర్పవచ్చునా?

హ్యూస్టన్_శిక్షకుడు:

15 గజాలకు జీరో చేయండి. చుక్క బ్యారెల్ కన్నా సుమారు అంగుళం ఎత్తులో ఉంటుంది కాబట్టి, 3 గజాల దగ్గర తూటా ముప్పావు అంగుళం కిందికి తగులుతుంది. ఆ తేడాను కాగితం మీద ఒకసారి కాల్చి చూసి గుర్తుంచుకోండి. చుక్క గాని లేజర్ గాని చీకట్లో ఎదుట ఉన్నది ఎవరో చెప్పవు, కనుక చేతి టార్చిలైటు ఎప్పుడూ వెంట ఉండాలి.

మీ మేనల్లుడి విషయంలో దయచేసి తొందరపడకండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఇబ్బంది లేదు గాని, హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీని తమ ఆధీనంలో ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టంలోని 922వ సెక్షన్ నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నా, వాటి మీద ఆధారపడేముందు న్యాయవాదిని అడగాలి. వీసా మీద ఉన్న కుర్రవాడి భవిష్యత్తు అంతా దీనితో చిక్కులో పడుతుంది. మీరు ఊరెళ్లేటప్పుడు పిస్టల్‌ను దుకాణం కౌంటర్ కింద వదిలి వెళ్లకుండా, ఇంట్లో సేఫ్‌లో పెట్టి, తాళం మీ శ్రీమతి గారి దగ్గర ఉంచండి.