కొరమేను మేతలో పురుగుల పొడి ఎంత వేయొచ్చు? విటమిన్ సి ఎప్పుడు కలపాలి?

ప్రశ్న (ఆనందపురం): అందరికీ నమస్కారం. ఇంటి వెనక టార్పాలిన్ ట్యాంకుల్లో కొరమేను పెంచుతున్నా. మేత ఖర్చు భరించలేక రైతుబజారు కూరగాయల చెత్త మీద బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పురుగులు పెంచి, ఎండబెట్టి పొడి కొడుతున్నా. సగం ఈ పొడి, మిగతాది తవుడు, సోయా పిండి. ల్యాబ్‌లో పొడికి ప్రోటీన్ 42 శాతం అన్నారు. విటమిన్ పొడి కూడా ఉడికేటప్పుడే వేస్తున్నా. అయినా కొన్ని పిల్లలకు తోక దగ్గర వెన్ను వంకర తిరుగుతోంది. పొడికి పాత నూనె కంపు కూడా వస్తోంది. పురుగుల వల్లేనా? టెన్షన్‌గా ఉంది.

జవాబు (భీమిలి): తమ్ముడూ, పురుగుని అప్పుడే తిట్టకు. ముందు అనుమానించాల్సింది నీ పొయ్యిని. చాలా చేపల్లాగే కొరమేను కూడా విటమిన్ సి మేత నుంచే తీసుకోవాలి. అది తక్కువైతే వెన్ను వంగుతుంది. మామూలు విటమిన్ సి ఉడికితే పోతుంది, మిగిలింది నీళ్లలో కరిగిపోతుంది. అస్కార్బిల్ ఫాస్ఫేట్ రూపంలో దొరికేది వేడికి బాగా తట్టుకుంటుంది, అదే అడుగు. ఎలాగైనా, మేత గుళికలు చల్లారాక కొద్ది నీళ్లలో కలిపి చిలకరించి, పైన చేపనూనె పట్టించి, నీడలో ఆరబెట్టు. కొందరు ట్యాంకు నీళ్లలోనే పోసేస్తారు, అది డబ్బులు నీళ్లలో పోసినట్టే.

ఆ 42 కూడా నమ్మకు. ల్యాబుల్లో నత్రజనిని 6.25తో గుణించి ప్రోటీన్ లెక్క కడతారు. పురుగు చర్మంలో ఉండే కైటిన్‌లోనూ నత్రజని ఉంటుంది, కానీ అది ప్రోటీన్ కాదు. ఈ పురుగుకి 4.76తో గుణించాలి. అప్పుడు నీకు తేలేది 32. కొరమేను మాంసం తినే చేప, మొత్తం మేతలోనే 40 పైన కావాలి. అందుకే ఎండుచేపల పొడి తప్పదు. అందులో పావు వంతు తగ్గించి ఆ చోట పురుగుల పొడి పెట్టి మొదలుపెట్టు. పాలరంగులో ఉన్నప్పుడే పురుగుల్ని తీసెయ్, నల్లబడ్డాయంటే కైటిన్ ఎక్కువవుతుంది.

కంపు సంగతి: ఎండిన పురుగులో మూడో వంతు దాకా కొవ్వే. అది పాడైతే మేతలోని విటమిన్ ఇ కూడా ఖర్చయిపోతుంది. గానుగలో నూనె తీయిస్తే మంచిది, గానుగవాడు ఒప్పుకుంటే! లేదంటే కొద్దికొద్దిగా పొడి కొట్టుకుని వెంటనే వాడెయ్.

పెందుర్తి: హార్బర్ చేప వ్యర్థాలు పురుగులకి వేస్తే వాటిలో ఒమేగా-3 (చేపనూనెలో ఉండే మంచి కొవ్వు) పెరుగుతుందట కదా అన్నా?

భీమిలి: పెరుగుతుంది, నిజమే. కూరగాయల మీద పెరిగిన పురుగులో అది దాదాపు ఉండదు. కానీ కుళ్లిన వ్యర్థాలు వేస్తే రోగాలు మేత దాకా వస్తాయి. యూరప్ 2017లో పురుగుల పొడిని చేపల మేతకు ఒప్పుకున్నప్పుడు కూడా వంటింటి వ్యర్థాలు, పేడ మీద పెంచినవి వద్దంది. చేపనూనె కాస్త కొనుక్కోవడమే తేలిక.

ఆనందపురం: వంగిన పిల్లల్ని ఏం చేయమంటారు?

భీమిలి: అవి మళ్లీ నిటారు కావు, విడిగా తీసెయ్. మేత మార్చాక కూడా కొత్తవి వంగుతుంటే హేచరీవాళ్లని తల్లి చేపల సంగతి అడుగు, ఒకే సంతతిలో జత కట్టించినా ఇలా వస్తుంది.