పిల్లలున్నారని పై అంతస్తు ఇల్లు ఇవ్వనంటే ఏం చేయాలి?

నమస్కారం. డల్లాస్ దగ్గర అద్దె ఇల్లు వెతుకుతున్నాం. ఒక అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు ఇల్లు నచ్చింది. దరఖాస్తులో పిల్లల పేర్లు చూడగానే మేనేజరు, "పిల్లలున్నవాళ్లకు కింది అంతస్తే ఇస్తాం, మెట్లు ప్రమాదం" అన్నారు. కింద ఇళ్లేమో ఖాళీ లేవు! మా పిల్లల గురించి మాకు లేని బెంగ ఆయనకెందుకో.

ఇళ్ల అద్దె, అమ్మకాల్లో వివక్ష చూపకూడదనే 1968 నాటి అమెరికా ఫెయిర్ హౌసింగ్ చట్టానికి 1988లో చేసిన సవరణతో పిల్లలున్న కుటుంబాలకూ రక్షణ వచ్చిందని, ఫెడరల్ గృహనిర్మాణ శాఖకు ఏడాదిలోపు ఫిర్యాదు చేయవచ్చని చదివాను. కానీ ఆయన చెప్పింది నోటిమాటే, కాగితం మీద ఏమీ లేదు. ముందు ఈమెయిల్‌లో కారణం అడిగి రాబట్టాలా, నేరుగా ఫిర్యాదు చేయాలా? మేం హెచ్1బి వీసా మీద ఉన్నాం. దానివల్ల ఇబ్బంది ఏమైనా వస్తుందా? ఇలాంటిది ఎదురైనవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.